సర్దుకుపోని మొక్క

పలకలపాడు అనే నాపరాళ్ళ గనుల ఊళ్ళో దస్తగిరమ్మ అనే పంతులమ్మ ఉండేది. ఆమెకు ఏ పనైనా చేతనవును గానీ సర్దుకుపోవడం ఒక్కటి చేతకాదు.

బస్సులో ఇద్దరు కూర్చునే సీటు దగ్గరికి మూడో మనిషి వచ్చి "కొంచెం సర్దుకోమ్మా" అంటే, ఆమె లేచి సీటు మొత్తం ఇచ్చేసి ఊరొచ్చేదాకా నిలబడేది. ఇరుక్కుని మాత్రం కూర్చునేది కాదు. టైలరు రవిక చేతులు బిగుతుగా కుట్టి "రెండుసార్లు తొడిగితే అదే సర్దుకుంటాది మేడమ్" అంటే, "అది సర్దుకోదు, నా చెయ్యే సర్దుకోవాలి. విప్పి మళ్ళీ కుట్టు" అనేది.

"ఉయ్యాల్లో ఏసినప్పుడే ఇది కాళ్ళు ముడుచుకోలే. ఆడపిల్ల అన్నాక కొంచెం సర్దుకోవల్లమ్మీ!" అని ఆమె తల్లి కాశింబీ నెత్తి కొట్టుకునేది. కాశింబీ గనిలో సుత్తి పట్టి బండలు చీల్చిన మనిషి. ఆ కూలితోనే కూతుర్ని వృక్షశాస్త్రం చదివించింది. దస్తగిరమ్మ దగ్గర్లోని ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేది. అది కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి ఏడూ వేసవిలో ఎవరో ఒకరు దయతలిచి పొడిగించాలి.

ఊరికి తూర్పున గద్దలబండ అనే గుట్ట ఉంది. అంతా సున్నపురాయే. ఎంత వెతికినా పిడికెడు మట్టి దొరకదు. ఆ రాతి పగుళ్ళలో ఒక చిన్న మొక్క బతికేది. మొక్క మొత్తం కలిపి అరచేతిలో పట్టేంత ఉండేది. ఆకులు మందంగా ఉండి, అంచుల వెంబడి తెల్లటి గింజలు పేరుకుని ఉండేవి. రాతి నుంచి పీల్చిన సున్నంలో తనకు అక్కర్లేనిదాన్ని అది అలా బయటికి నెట్టేసేది. తొలకరి పడగానే ఊదారంగు పూలు పూసేది. ఎండాకాలం వస్తే నల్లగా ముడుచుకుపోయి, ఎవరో కాల్చి పారేసిన కాగితం ముక్కలా కనిపించేది. మేకలు దాన్ని తినేవి కావు. మనుషులు దాన్ని చూసేవారు కాదు. అందుకే దానికి పేరు కూడా లేదు.

దస్తగిరమ్మ దాన్ని చూసింది. పుస్తకాలన్నీ తిరగేసింది. ఎక్కడా లేదు. కొమ్మను, పువ్వును, కాయను అదిమి ఆరబెట్టి, బొమ్మలు గీసి, పెద్ద పెద్ద పండితులకు పంపింది. వారు చూసి, "ఇది తెలిసిన మొక్కే. రాతి మీద పడి కాస్త తేడాగా పెరిగింది. పాత పేరుతోనే సర్దుకోండి" అని జవాబు రాశారు.

చూశారా, ఎంత చదువుకున్నా ఆ మాట వదలదు మనల్ని!

దస్తగిరమ్మ వదల్లేదు. పువ్వును విప్పి, లోపల ఏ భాగం ఎలా ఉందో సూక్ష్మదర్శిని కింద పెట్టి గీసి పంపింది. చుట్టుపక్కల గుట్టలన్నీ ఎక్కి దిగింది. రాయి అన్నిచోట్లా అదే. మొక్క మాత్రం గద్దలబండ మీద తప్ప ఇంకెక్కడా కనపడలేదు. వాళ్ళు సందేహం రాసిన ప్రతిసారీ ఆమె జవాబు రాసింది. చివరికి పండితులే దిగివచ్చి, ఇది లోకానికి కొత్త మొక్క అని ఒప్పుకున్నారు. దస్తగిరమ్మ దానికి ఆ గుట్ట పేరే పెట్టింది. పేపర్లో ఫొటో వచ్చింది. కాలేజీలో సన్మానం జరిగింది. శాలువా కప్పింది ఎవరనుకున్నారు? గని యజమాని ఓబులేసు. ఆయనే కాలేజీ కమిటీకి పెద్ద.

ఓబులేసు చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పాలి. చెడ్డవాళ్ళతో ఇంత చిక్కు ఉండదు. పెద్దల ఎదుట చేతులు కట్టుకునేవాడు. కూలీలకు కష్టమొస్తే ఇంటికి వెళ్ళి పలకరించేవాడు. మొక్కలంటే ప్రాణం. ఇంటి వెనక గులాబీలు, నిమ్మలు, సపోటాలతో తోట పెంచి, పొద్దున్నే పైపు పట్టుకుని తానే నీళ్ళు పోసేవాడు.

అయితే ఆయన పాత గని అడుగంటింది. కొత్తగా తవ్వాలి. గద్దలబండ రోడ్డు పక్కనే ఉంది. చిన్న వాగులాంటి వంక దాటితే చింతగుట్ట ఉంది గానీ, దానికి దారి వేసుకోవాలి. ఓబులేసు గద్దలబండకే అర్జీ పెట్టాడు. కొత్త గని తవ్వాలంటే ఊరి జనాన్ని కూర్చోబెట్టి అభిప్రాయం అడగాలని నిబంధన. ఎండాకాలంలో ఆ సభ జరుగుతుందని తెలిసింది. గుట్ట మీది మొక్క సంగతి అక్కడ తప్పకుండా వస్తుంది. దాని గురించి దస్తగిరమ్మ ఏం చెబితే అధికారులు అదే నమ్ముతారు.

చలికాలంలో ఒక రోజు ఓబులేసు పళ్ళ బుట్టతో ఆమె ఇంటికి వచ్చాడు.

"అమ్మా, నీ మొక్కకు నేను అన్యాయం చేస్తానా? అన్నీ తవ్వించి నా తోటలో పెట్టిస్తా. వంక నుంచి ఎర్రమట్టి తోలిస్తా. పశువుల ఎరువు ఏపిస్తా. ఆ బండ మీద ఎండకు మాడి చచ్చేదానికి నా తోటలో రాజభోగం!" అన్నాడు.

"అది అక్కడే బతుకుతుంది అన్నా. వేరే చోట బతకదు" అంది దస్తగిరమ్మ.

"చచ్చిపోతుంటే చూసినావా?"

దస్తగిరమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. "చూడలేదు" అంది. "సరే, నాలుగు మొక్కలు పెట్టి చూడండి. వాన పడి, పూత వచ్చి, కాయ కట్టేదాకా ఆగుదాం. అప్పుడు మాట్లాడదాం."

ఓబులేసు సంతోషంగా వెళ్ళాడు. కానీ నాలుగంటే ఆయన కంటికి ఆనలేదు. మరుసటి రోజే మనుషుల్ని పంపి గుట్ట కింది అంచున ఉన్న మొక్కలన్నీ గడ్డపారలతో పెకలించి ట్రాక్టరులో తెప్పించాడు. మంచి కుండీలు కొన్నాడు. ఎర్రమట్టి, ఎరువు నింపాడు. పైన పచ్చ వల కట్టాడు. ఆకుల అంచున తెల్లటి గింజలు చూసి తోటమాలి "అయ్యా, పిండినల్లి పట్టింది" అన్నాడు. ఓబులేసు కంగారుపడి మందు కొట్టించాడు. తర్వాత తానే కూర్చుని, తడిగుడ్డతో ఒక్కో ఆకునూ పసిబిడ్డ మొహం తుడిచినట్టు తుడిచాడు. ప్రేమ లేక కాదు. ఉన్నదంతా ప్రేమే.

మొక్కలు చావలేదు. అదే కదా తమాషా! ఎండలు ముదిరేసరికి ఆకులు మూడింతలయ్యాయి. పచ్చగా, నిగనిగలాడుతూ కుండీల అంచులు దాటి వేలాడాయి. ఓబులేసు ఫోన్‌లో ఫొటోలు తీసి ఊరందరికీ చూపించాడు.

కాలేజీ ప్రిన్సిపాలు నాగశేషయ్య దస్తగిరమ్మను తన గదికి పిలిచాడు. "చూశావుగా అమ్మా, మొక్క బంగారంలా ఉంది. సభలో 'మొక్కలు తోటలో భద్రంగా ఉన్నాయి' అని చెప్పు. ఒక్క వాక్యం! నీ కాంట్రాక్టు కాగితం నా సొరుగులోనే ఉంది. ఎందుకమ్మా పంతం? కాస్త సర్దుకుపో" అన్నాడు.

"పూస్తుందా సార్?" అని అడిగింది ఆమె.

"పూయకపోతే ఏం? బతికుంది కదా!"

ఆ సాయంత్రం దస్తగిరమ్మ ఓబులేసు తోటకు వెళ్ళి కుండీల ముందు చాలాసేపు నిలబడింది. ఆకుపచ్చ రంగు కళ్ళు చెదిరేలా ఉంది. నేనే పొరపడ్డానా అనుకుంది. మొదటిసారి ఆమెకు భయం వేసింది. ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు. కాశింబీ పక్కన కూర్చుని, "అమ్మీ, ఒక్క మాటే కదా. చెప్పేస్తే ఏం పోతాది? ఉజ్జోగం ఉంటాది" అంది.

దస్తగిరమ్మ సభ రోజు పొద్దున్నే గుట్ట ఎక్కింది. ముడుచుకుపోయిన నల్లటి మొక్కల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక మొక్క నడిమి ఆకులను జాగ్రత్తగా విడదీసి భూతద్దం పెట్టి చూసింది. తర్వాత ఇంకోటి, ఆ పైన మరోటి చూసింది. దిగివచ్చేటప్పుడు ఆమె మొహంలో భయం లేదు.

సభకు పెద్ద షామియానా వేశారు. ఇలాంటి సభలకు మాట్లాడటానికి వచ్చేవారికంటే భోజనానికి వచ్చేవారే ఎక్కువ కాబట్టి, వంటల పొగ మైకు దాకా వస్తోంది. జిల్లా నుంచి వచ్చిన అధికారి రుమాలుతో మెడ తుడుచుకుంటూ వేదిక మీద కూర్చున్నాడు. ఓబులేసు తెలివైనవాడు. తోటలోని ఒక కుండీని, గుట్ట మీద నుంచి పగలగొట్టి తెచ్చిన ఒక బండ ముక్కను టేబుల్ మీద పక్కపక్కన పెట్టించాడు. కుండీలో మొక్క పచ్చగా మెరుస్తోంది. బండ పగులులో మొక్క బొగ్గుముక్కలా ఉంది.

ఓబులేసు మైకు తీసుకున్నాడు. "అయ్యా, నేను ఎక్కువ మాట్లాడను. ఇది నేను పెంచింది. ఇది గుట్ట మీద ఉండేది. మేడమ్మే చెప్పల్ల. ఏది బతికుండాది, ఏది చచ్చింది?"

జనం గొల్లున నవ్వారు. ముందు వరుసలో కూర్చున్న ప్రిన్సిపాలు, ఒక్క వాక్యం అన్నట్టు దస్తగిరమ్మకు వేలు చూపించాడు. ఆమె లేచి మైకు అందుకుంది.

"బండలో ఉన్నది బతికుంది. కుండీలో ఉన్నది చచ్చిపోతోంది" అంది.

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా లేచింది. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. "మేడమ్‌కు ఎండదెబ్బ తగిలింది, నిమ్మకాయ నీళ్ళు ఈండప్పా!" అని ఒకడు అరిచాడు.

"నవ్వండి, ఆగుతాను" అంది దస్తగిరమ్మ. ఆగింది కూడా. నవ్వేవాళ్ళకు నవ్వు అయిపోయేదాకా మైకు దించలేదు. తర్వాత భూతద్దం తీసి అధికారికి ఇచ్చింది. బండలోని మొక్క నడిమి ఆకులను విడదీసి చూపించింది. "సార్, మధ్యలో ఆవగింజంత ఉంది చూడండి. వచ్చే వానకు పూయాల్సిన మొగ్గ. ఎండకు అది చావలేదు. మొగ్గను కప్పుకుని పడుకుంది. ఇప్పుడు కుండీలో చూడండి. ఆకు తప్ప ఏమీ లేదు. మొగ్గ లేదంటే పువ్వు లేదు, కాయ లేదు, విత్తనం లేదు. దాని వంశం ఆ కుండీతోనే సరి. సున్నం తాగే మొక్కకు ఎరువు పెట్టారు. సున్నాన్ని తెగులనుకుని తుడిచేశారు. ఇది బతకడం కాదు. నిదానంగా చావడం."

అధికారి భూతద్దంలో చాలాసేపు చూశాడు. "ఇది మొగ్గో దుమ్మో నాకు తెలీదమ్మా" అన్నాడు.

ఓబులేసు మొహం వాడిపోయింది. నిజంగానే బాధ కలిగింది ఆయనకు. ఇంతలో జనంలోంచి ఒక కాంట్రాక్టరు లేచి, "గని కూడు తిని పెరిగి గనికే అడ్డం పడతావా? వీళ్ళందరి నోట్లో మట్టి కొడతావా?" అని అరిచాడు. అవునవునని అరుపులు లేచాయి. దస్తగిరమ్మ గొంతు ఆ గోలలో వినపడలేదు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి కాశింబీ లేచింది. మైకు అడగలేదు. బండలు చీల్చేచోట సుత్తుల మోతలో మాట్లాడి అలవాటైన గొంతు ఆమెది.

"కూడు తిన్నాం. నిజమే. ఈ చేతుల్తో బండలు చీల్చి తిన్నాం. ఊరికే ఎవురూ పెట్లే! నా బిడ్డ గని వద్దనిందా? ఆ గుట్ట ఒక్కటి వద్దంటాంది. వంక అవతల చింతగుట్ట లేదా? ఆడ రాయి లేదా? రోడ్డు ఏసుకునేదానికి బద్ధకమై, నా బిడ్డతో అబద్ధం చెప్పిస్తారా? నేనూ దీన్ని సర్దుకో సర్దుకో అని చెప్తానే ఉన్నా. ఇంగ చెప్పను!"

గనిలో పనిచేసే ఆడవాళ్ళు కొందరు తలలూపారు. అధికారి గొంతు సవరించుకుని, "వాన పడనివ్వండి. ఏది పూస్తుందో చూసి నివేదిక పంపుతాను. అప్పటిదాకా ఎవరూ గుట్ట ముట్టుకోవద్దు" అని లేచాడు.

ఆ నిజానికి దస్తగిరమ్మ ధర చెల్లించింది. ఆ వేసవిలో ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. సన్మానం చేసిన కాలేజీయే ఆమె బల్ల మీది పుస్తకాలు అట్టపెట్టెలో వేసి ఇంటికి పంపింది. టీ బంకు దగ్గర ఆమెను చూసి "బొగ్గు మొక్క మేడమ్" అని నవ్వుకునేవారు. ఆమె తలెత్తుకునే నడిచేది. రాత్రి మాత్రం తల్లి పక్కన పడుకుని ఒకసారి ఏడ్చింది. ఏడిస్తే ఏం? ధైర్యం ఉన్నవాళ్ళకు కన్నీళ్ళు రావని ఎవరో కోతలు కోస్తారు. నమ్మకండి.

తొలకరి పడింది.

వాన వెలిసిన కొన్నాళ్ళకే గద్దలబండ రంగు మారింది. బొగ్గుముక్కల్లా ఉన్న మొక్కలు విచ్చుకున్నాయి. ప్రతి పగులులోనూ ఊదారంగు పూలు. రోడ్డు మీద పోయే లారీలు ఆగి చూశాయి. ఓబులేసు తోటలో అదే వానకు కుండీల్లో మొక్కలు మొదళ్ళు మెత్తబడి, ఒక్కొక్కటిగా పక్కకు ఒరిగిపోయాయి. నీళ్ళు తగ్గించాడు. మట్టి మార్చాడు. పైన గొడుగు పట్టించాడు. ఒక్కటీ నిలవలేదు.

అధికారి వచ్చాడు. గుట్ట చూశాడు, తోట చూశాడు. గద్దలబండను వదిలేయాలని, చింతగుట్టకు అనుమతి ఇవ్వవచ్చని రాసి పంపాడు. ఓబులేసు వంక మీద దారి వేయించాడు. చింతగుట్టలో రాయి బాగానే పడింది. కూలీలకు పని దొరికింది. సభలో గొంతు చించుకుని అరిచిన కాంట్రాక్టరే ఆ దారి పని చేయించాడు. ఎవరి నోట్లోనూ మట్టి పడలేదు.

ఒక రోజు ఓబులేసు దస్తగిరమ్మ ఇంటికి వచ్చాడు. ఈసారి చేతిలో పళ్ళ బుట్ట లేదు. గడప దగ్గరే కూర్చున్నాడు.

"దానికి నేనేం తక్కువ చేసినానమ్మా?" అన్నాడు.

"తక్కువేం చేయలేదన్నా. అన్నీ ఇచ్చారు. దాని చోటు ఒక్కటి తీసేశారు" అంది దస్తగిరమ్మ.

ఓబులేసు మాట మార్చాడు. "కాలేజీ వాళ్ళతో నేను చెప్తా. ప్రిన్సిపాలు ఏదో చిన్న కాగితం రాసియ్యమంటాడు. సభలో తొందరపడి మాట్లాడినానని, అంతే. మర్యాద కోసం. రాసిస్తే రేపే పనిలో చేరొచ్చు" అన్నాడు.

కాశింబీ వంటింట్లోంచి తొంగి చూసింది. కూతురు ఏం చెబుతుందో ఆమెకు తెలుసు. అయినా వినాలని వచ్చి నిలబడింది.

"తొందరపడి ఉంటే రాసేదాన్నన్నా. నేను చెప్పింది నిజం. నిజం చెప్పినందుకు క్షమించండని ఏ భాషలో రాయాలో నాకు రాదు" అంది దస్తగిరమ్మ. "టీ తాగి పోండి."

ఆయన టీ తాగి వెళ్ళాడు. ఆమె ఆ కాగితం రాయలేదు. రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన వేరే ఊరి కాలేజీలో చేరింది. అక్కడ జీతం కూడా తక్కువే. అయినా ప్రతి తొలకరికీ తన విద్యార్థులను గద్దలబండ ఎక్కించి, పూలను తుంచవద్దని గట్టిగా కసిరి, వాటి ముందు పాఠం చెప్పేది.

పిల్లలూ, పెద్దలూ! సర్దుకుపోవడం మంచి గుణమే, కాదనను. కానీ సర్దుకుంటే ఒక ప్రాణమో ఒక నిజమో పోయే చోట, ఊరంతా ఎదురు నిలిచినా సరే, "కుదరదు" అని చెప్పి నిలబడటమే నీతి.